ఇరవై నాలుగా, పద్దెనిమిదా

తెనాలి చుట్టుపక్కల ఊళ్ళలో శ్రీరామనవమికి పందిరి పడిందంటే మైకు మోగాల్సిందే. బాపట్లలో పుట్టి తెనాలి శ్రీరామవిలాస సభలో పేరు తెచ్చుకున్న స్థానం నరసింహారావు గారు, సుద్దపల్లిలో పుట్టిన ఈలపాట రఘురామయ్య గారు నాటకాల్లో అడుగుపెట్టిన రోజుల్లో ఇక్కడి రంగస్థలానికి మైకులు లేవు. గొంతే ఆఖరి వరస దాకా వెళ్ళాలి. ఇప్పుడు గొంతుకి తోడు ఆంప్లిఫయరుంది. కొనుక్కునేవాళ్ళకి ఏ బాధా లేదు. సొంతంగా కట్టుకునేవాళ్ళకే చిక్కొచ్చి పడుతుంది. చేతికందిన ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చే ఓల్టేజి ఒకటి, ఐసీకి సరిపడే ఓల్టేజి ఇంకొకటి.

ఇక్కడ వాదించుకునే ఇద్దరికీ పేర్లక్కర్లేదు. ఒకరు మారీసుపేటలో ఏళ్ళ తరబడి రేడియోలూ ఆంప్లిఫయర్లూ బాగుచేసిన బాబాయి. ఇంకొకరు బాపట్లలో ఇంజనీరింగు చదివిన ఆయన అన్నకొడుకు. బల్ల మీద రెండు టీడీఏ 7294 ఐసీలతో కట్టిన స్టీరియో బోర్డు, 24-0-24 ఓల్టుల 5 ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్, రెండు స్పీకర్లు ఉన్నాయి. ఊళ్ళో రామాలయానికని అబ్బాయి కట్టాడు.

అబ్బాయి: బాబాయ్, మీటరు పెట్టి చూశాను. ఇటు ప్లస్ 36, అటు మైనస్ 36 వస్తోంది. డేటాషీట్‌లో 40 దాకా ఇవ్వొచ్చని ఉంది. ఇంకా నాలుగు ఓల్టులు చేతిలో ఉన్నాయి. నువ్వేమో తగ్గించమంటావు.

బాబాయి: ఎన్నింటికి చూశావ్?

అబ్బాయి: పొద్దున పదింటికి.

బాబాయి: అర్ధరాత్రి చూడు. మిల్లులూ మోటార్లూ ఆగాక కరెంటు పైకి లేస్తుంది. 230కి 6 శాతం అటూ ఇటూ ఉండొచ్చని నిబంధనల్లోనే రాసుకున్నారు. అంటే 244 దాకా లెక్కలోదే. స్తంభం మీది ట్రాన్స్‌ఫార్మర్‌కి దగ్గరగా ఉన్న ఇళ్ళలో 250 కూడా వస్తుంది. నీ ట్రాన్స్‌ఫార్మర్ మీద రాసిన 24 ఫుల్ లోడు మీద 24. లోడు లేనప్పుడు 26 ఇస్తుంది. అది డయోడ్లు దాటి కండెన్సర్లో నిండేసరికి నువ్వు చూసిన 36 అయింది. కరెంటు 250 అయిన రాత్రి ఆ 26 కాస్తా 28 దాటుతుంది, డీసీ 39 అవుతుంది. ఇంక నీ నాలుగు ఓల్టులేవిరా? సరే, ఆ ఫిల్టర్ కండెన్సర్ల మీద ఎంత రాసుంది?

అబ్బాయి: 35. ఇరవై నాలుగుని 1.414తో గుణిస్తే 33.9 వస్తుంది కదా అని...

బాబాయి: లెక్క తప్పు కాదు, కానీ అది కాగితం మీది 24. ముందు అవి పీకేసి 50 ఓల్టులవి వెయ్యి. అవి మార్చిందాకా ప్లగ్గు పెట్టొద్దు.

అబ్బాయి: మారుస్తా. కండెన్సర్ల సంగతి ఒప్పుకుంటున్నా గానీ, ఐసీ సంగతి ఒప్పుకోను. 39 అంటే 40 లోపే. పైగా సిగ్నల్ లేనప్పుడు 50 దాకా తట్టుకుంటుందని కూడా రాశాడు. లోపల వేడెక్కితే తనంతట తనే ఆగిపోయే ఏర్పాటుంది. ఇంత రక్షణ ఉన్నప్పుడు ఉన్న ఓల్టేజి పారబోసుకోవడం ఎందుకు?

బాబాయి: అదే కాగితంలో ఇంకో లైనుంది, అది కూడా చదువు. 8 ఓమ్స్ స్పీకరుకి 70 వాట్లు ఎన్ని ఓల్టుల దగ్గర ఇచ్చాడు?

అబ్బాయి: 35.

బాబాయి: 4 ఓమ్స్‌కి?

అబ్బాయి: 27.

బాబాయి: నీ స్పీకర్లు ఎన్ని ఓమ్స్?

అబ్బాయి: నాలుగే.

బాబాయి: ఇంజనీరింగు నువ్వు చదివావు. నా లెక్క చేతికి తగిలే వేడి, నీ లెక్క కాగితం మీదది. నీదే చెప్పు.

అబ్బాయి: లోడు మీద 33 ఓల్టులుంటుందనుకుందాం. 33ని 33తో గుణించి, రెండింతలు చేసి, పై స్క్వేరుతోనూ 4 ఓమ్స్‌తోనూ భాగించాలి. ఒక్కో ఐసీలో 55 వాట్ల వేడి. అది ఫుల్ సౌండు దగ్గర కాదు, స్వింగు మూడింట రెండొంతుల దగ్గర ఉన్నప్పుడు. ఐసీ లోపలి నుంచి దాని రేకు దాకా వాటుకి 1.5 డిగ్రీలు. అంటే లోపల రేకు కంటే 82 డిగ్రీలు ఎక్కువ. 145 దగ్గర ఐసీ నోరు మూసుకుంటుంది. కాబట్టి రేకు 63 డిగ్రీలు దాటకూడదు.

బాబాయి: మన మే నెల?

అబ్బాయి: 44 వేసుకో. 63లో 44 పోతే 19. రెండు ఐసీలకీ కలిపి 110 వాట్లు. 19 డిగ్రీల తేడాలో 110 వాట్లు బయటికి పోవాలంటే... హీట్‌సింకు వాటుకి 0.17 డిగ్రీలది కావాలి. అమ్మో, అది బీరువా అంత ఉంటుంది.

బాబాయి: అభ్రకం రేకు లెక్కలో వేశావా? ఆ ఐసీ వీపు మైనస్ సప్లైకి కలిసి ఉంటుంది. గూడూరు అభ్రకం అయినా, ఈమధ్య వస్తున్న సిలికాన్ ముక్క అయినా, అడ్డం పెట్టి తీరాలి. అదీ తన వంతు డిగ్రీలు కలుపుతుంది. ఇప్పుడు 18-0-18తో చెప్పు.

అబ్బాయి: లోడు మీద ఇరవై నాలుగున్నర. వేడి 30 వాట్లు. లోపలికీ రేకుకీ తేడా 46 డిగ్రీలు. రేకు 99 దాకా వెళ్ళొచ్చు. హీట్‌సింకు 0.9 అయితే చాలు. ఐదోవంతు!

ఆంప్లిఫయర్ కట్టేవాళ్ళలో ఎక్కువమంది చూసేది ఓల్టుల హద్దు. ఐసీ చచ్చిపోయేది మాత్రం డిగ్రీల హద్దు దగ్గర. మొదటిది డేటాషీట్ మొదటి పేజీలోనే పెద్దక్షరాల్లో ఉంటుంది. రెండోది స్పీకరు ఓమ్స్, హీట్‌సింకు, మే నెల కలిపి మనమే లెక్క వేసుకోవాలి. నవమి పందిరి కింద రాత్రి పదింటికి కూడా చొక్కా తడిసిపోయే వేడిలో ఆంప్లిఫయరు మాటిమాటికీ ఆగిందంటే దోషం ఐసీది కాదు, ఆ లెక్క వెయ్యకుండా కట్టినవాళ్ళది. ఈ ఒక్క విషయంలో నేను బాబాయి పక్షం.

అబ్బాయి: వేడి ఒప్పుకున్నా. కానీ సౌండు పోతుంది కదా బాబాయ్. 33 దగ్గర ఐసీలో ఓ మూడు ఓల్టులు పోయినా 112 వాట్లు రావాలి. నీ ఇరవై నాలుగున్నర దగ్గర 58. సగానికి సగం!

బాబాయి: సగం వాట్లు, సగం సౌండు ఒకటేనా?

అబ్బాయి: కాదులే, 3 డెసిబెల్సే. సౌండు రెట్టింపు అనిపించాలంటే పది రెట్లు వాట్లు కావాలని చదువుకున్నాం.

బాబాయి: చదువుకున్నావు. మరి భయం దేనికి? ఇంకోటి విను. ఓల్టేజి తగ్గితే వాల్యూం తగ్గదు. నీ బోర్డులో 22 కే రెసిస్టరూ, 680 ఓమ్స్ రెసిస్టరూ ఉన్నాయి చూడు. గెయిన్ వాటి చేతిలో ఉంది. 33 రెట్లంటే 33 రెట్లే, సప్లై 36 ఉన్నా 25 ఉన్నా. మీటలో సగం తిప్పితే ఇవాళ ఎంత వినపడిందో రేపూ అంతే వినపడుతుంది. తేడా అంతా చివర్లో వస్తుంది. అంత దూరం తిప్పాక సౌండు చితుకుతుంది.

అబ్బాయి: అదే నా భయం! చితికిన సౌండే ట్వీటర్లని కాలుస్తుంది. పెద్ద ఆంప్లిఫయర్‌ని నెమ్మదిగా వాడితే ట్వీటరు బతుకుతుంది. చిన్నదాన్ని చితక్కొడితే పోతుంది. తరంగం నెత్తి కోసినకొద్దీ పైస్థాయి పోట్లన్నీ ట్వీటరు మీదే పడతాయి. పందిట్లో ఎవరో ఒకరు మీటని ఆఖరిదాకా తిప్పుతారు. తిప్పరని నువ్వు హామీ ఇస్తావా?

బాబాయి: ఇవ్వలేను. నువ్వన్నది నిజం. ఆ పని చేసేవాళ్ళు ప్రతి పందిట్లోనూ ఉంటారు. అందుకే వాల్యూం కంట్రోలుకి ముందు ఓ రెసిస్టరు వేసి, మీట ఆఖరికి వచ్చినా ఫోను నుంచి వచ్చేది అర ఓల్టు దాటకుండా కట్టు. చితికే గీత దగ్గరే మీట ఆగిపోతుంది. ఈ జాగ్రత్త 36 ఓల్టుల ఆంప్లిఫయర్‌కి కూడా కావాల్సిందే. దానికి వెయ్యని తాళం దీనికి వేస్తున్నావు, అంతే.

అబ్బాయి: మరి అసలు ఓల్టేజి తాకకుండా 8 ఓమ్స్ స్పీకర్లు పెడితేనో? 33 దగ్గర ఐసీకి వేడి 27 వాట్లే.

బాబాయి: అది అన్నిటికంటే మేలు. స్పీకర్లు ఇంకా కొనకపోయి ఉంటే ఇందాకే ఆ మాట చెప్పేవాణ్ణి. కానీ గుడికని చందాలేసుకుని ఇవి తెచ్చేశారు. ఇప్పుడు వాటిని తిప్పి పంపించమంటావా?

అబ్బాయి: వద్దులే. అయితే ఇటు నుంచి రా. తగ్గించాలి, సరే. ట్రాన్స్‌ఫార్మర్ జోలికి ఎందుకు? డీసీ వైపు ఓ వైర్‌వూండ్ రెసిస్టరు వేస్తే పోలా? రెండు ఓమ్స్.

బాబాయి: సౌండు లేనప్పుడు రెండు ఐసీలు కలిపి ఎంత తాగుతాయి?

అబ్బాయి: ఒక్కోటి 30 మిల్లీ ఆంపియర్లు. కలిపి 60.

బాబాయి: రెండు ఓమ్స్‌లో 60 మిల్లీ ఆంపియర్లకి పడేది పన్నెండు వందోవంతుల ఓల్టు. అంటే ఐసీ మీద పూర్తి ఓల్టేజి అలాగే ఉంది. డప్పు మీద దెబ్బ పడి నాలుగు ఆంపియర్లు లాగితే ఒక్కసారిగా ఎనిమిది ఓల్టులు పోతాయి. కాపాడాల్సినప్పుడు కాపాడదు, ఇవ్వాల్సినప్పుడు ఇవ్వదు. వాల్వు రేడియోలో కరెంటు నిలకడగా ఉండేది కాబట్టి రెసిస్టరుతో గడిచింది. ఇక్కడ గడవదు. డయోడ్లు వరసగా కడతానంటావేమో, అవి రెండు మూడు ఓల్టులకి పనికొస్తాయి. తొమ్మిది ఓల్టులకి పన్నెండు డయోడ్ల దండ అవుతుంది. ఫ్యాను రెగ్యులేటరు ట్రాన్స్‌ఫార్మర్ ముందు పెట్టే ఆలోచన మాత్రం చెయ్యొద్దు. తరంగాన్ని ముక్కలు కోస్తుంది, రెండు సగాలూ సరిసమానంగా లేకపోతే కోరు మూలుగుతూ కాలుతుంది.

అబ్బాయి: రెగ్యులేటరు కడతా. 3055 ఒకటి ప్లస్ వైపు, 2955 ఒకటి మైనస్ వైపు. అర్ధరాత్రి 250 వచ్చినా నా 27 కదలదు. హమ్ కూడా పోతుంది.

బాబాయి: హమ్ సంగతి ఆ ఐసీయే చూసుకుంటుంది, సప్లైలో వచ్చే అలల్ని 75 డెసిబెల్స్ దాకా తొక్కేస్తుంది. వేడి లెక్క చెప్పు.

అబ్బాయి: 33 నుంచి 27 అంటే ఆరు ఓల్టులు. పూర్తి సౌండులో ఒక్కో ఛానలుకి సగటు కరెంటు దాదాపు రెండు ఆంపియర్లు. రెండు ఛానళ్ళు, రెండు వైపులు. మొత్తం 46 వాట్లు. అయినా బాబాయ్, ఎవరైనా గంటసేపు సైన్‌వేవ్ వింటారా? పాటలో సగటు అందులో పదోవంతు కూడా ఉండదు.

బాబాయి: సినిమా పాటకి నిజమే. పద్యనాటకానికి హార్మోనియం ఆగదు. రాగం తీసినవాడు వన్స్‌మోర్ అన్నకొద్దీ తీస్తూనే ఉంటాడు. పదోవంతు కాదు గానీ, నాలుగోవంతు వేసుకో. సరే, వేడి ఎంతైనా కానీ, నువ్వు చేసిందేంటి? ఐసీలో కాలేదాన్ని తెచ్చి పక్కనున్న ట్రాన్సిస్టర్లో కాల్చావు. హీట్‌సింకు ఒకటి కాస్తా రెండయ్యాయి. దుగ్గిరాల లాకుల దగ్గర తలుపు దించితే కాలవలో నీళ్ళు తగ్గుతాయి, ఎవరికీ కష్టం లేదు. పొలంలోకి పారనిచ్చి తర్వాత ఎత్తిపోస్తానంటే రాత్రంతా ఇంజను తిరగాల్సిందే. ఓల్టేజీ అంతే. రాగి చుట్లలో తగ్గించావా, కాలేదేమీ ఉండదు. డీసీ అయ్యాక తగ్గిస్తే తగ్గించిన ప్రతి ఓల్టూ కాలి వేడి అవుతుంది.

అబ్బాయి: అలాగైతే ఆ లాకు తలుపు చుట్లు విప్పకుండా కూడా దించొచ్చు. చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి, 24 ఓల్టులు 2 ఆంపియర్లది. దాని సెకండరీని పెద్దదాని ప్రైమరీకి వరసలో, ఎదురుతిప్పి కడతా. 230లో 24 పోయి 206 అందుతుంది. ప్రైమరీలో పారేది ఒక ఆంపియరే కాబట్టి చిన్నదే చాలు.

బాబాయి: శభాష్. ఇది మంచి ఉపాయం. కట్టాక పెద్దదానికి కలపకముందే మీటరు పెట్టి చూడు. తిరగేసి కట్టావంటే 206 బదులు 254 వస్తుంది. కానీ దీంతో తగ్గేది పది శాతమే. 36 ఉన్నది 32 అవుతుంది. స్పీకరు 8 ఓమ్స్ అయితే దీంతో ఆపేసేవాళ్ళం. 4 ఓమ్స్‌కి చాలదు.

అబ్బాయి: అయితే చుట్లు విప్పడమేనా?

బాబాయి: విప్పడమే. ముందు బాబిన్‌కీ స్టాంపింగులకీ మధ్య సందులోంచి సన్నతీగ పది చుట్లు దూర్చి, కరెంటిచ్చి ఏసీలో చూడు. నాలుగు ఓల్టులు వస్తే ఓల్టుకి రెండున్నర చుట్లు. నీ కోరు సైజుకి అటూ ఇటూ అంతే వస్తుంది. 24కి 60 చుట్లు. 18కి 45. ఒక్కో వైపు పదిహేను తియ్యాలి.

అబ్బాయి: పదిహేనే కదా, గంటలో అయిపోతుంది.

బాబాయి: అవదు. రెండు సగాలూ ఒకదాని మీద ఒకటి చుట్టి ఉంటాయి. పైసగం చివర నీ చేతికందుతుంది. కిందిసగం మొదలు లోపల ప్రైమరీ మీద పడుకుని ఉంటుంది. కాబట్టి పైసగం 60 చుట్లూ మొత్తం విప్పాలి, సెంటర్ ట్యాప్ ఊడదీయాలి, కిందిసగంలో పదిహేను తీసి, కొత్త ట్యాప్ తీసి, మళ్ళీ పైన 45 చుట్టాలి. మొదట తిరిగినవైపే తిప్పాలి. ఎదురు తిప్పావంటే రెండు సగాలూ ఒకదాన్నొకటి తినేస్తాయి, అటు చివర నుంచి ఇటు చివరకి మీటరు సున్నా చూపిస్తుంది. తీగ 16 గేజి, మొండిగా ఉంటుంది, ఊరికే మెలికలు పడుతుంది. మెలిక పడ్డచోట ఎనామిల్ పగులుతుంది. విప్పేటప్పుడే సాగదీసి గుండ్రంగా చుట్టి పక్కన పెట్టుకో. ప్రతి వరసకీ కాయితం వెయ్యి. స్టాంపింగులు ఎలా తీశావో అలాగే, ఒకటి అటు ఒకటి ఇటు దూర్చు. ఒక్కటి మిగిలినా రాత్రంతా జుమ్మంటుంది.

అబ్బాయి: ఇంత కష్టం దేనికి బాబాయ్? ఎల్‌ఈడీ బోర్డులకి వాడే 24 ఓల్టుల ఎస్‌ఎమ్‌పీఎస్ డబ్బాలు ఇప్పుడు ఏ ఊళ్ళోనైనా దొరుకుతాయి. హైదరాబాద్ కోఠీలో గుజరాతీ గల్లీకో, చెన్నై రిచీ స్ట్రీట్‌కో వెళ్ళక్కర్లేదు. రెండు డబ్బాలు తెచ్చి వరసలో కలిపితే ప్లస్ 24, మైనస్ 24. కరెంటు 190 ఉన్నా 250 ఉన్నా అవే 24. నీ ట్రాన్స్‌ఫార్మర్ బరువెంత, అవి ఎంత? నువ్వు రాగి మీద ప్రేమ కొద్దీ మాట్లాడుతున్నావు.

బాబాయి: ప్రేమ ఉంది, దాచుకోను. కానీ నీ మాటలోనూ బలం ఉంది. నిలకడ విషయంలో దాని ముందు నా చుట్లు నిలబడవు. డప్పు దెబ్బకి ఆరు ఆంపియర్లు ఒక్కసారి లాగితే కొన్ని డబ్బాలు భయపడి ఆగిపోతాయి, మళ్ళీ లేస్తాయి. పెద్ద ఆంపియర్లవి వేస్తే తట్టుకుంటాయేమో. అసలు విషయం మరమ్మతు. ఉరుములు పడే రోజుల్లో అది పోతే ఊళ్ళో బాగుచేసేవాడుండడు, పారేసి కొత్తది తేవాలి. ట్రాన్స్‌ఫార్మర్ పోయినా ఎవరో ఒకరు మళ్ళీ చుడతారు. ఇంట్లో వినడానికైతే నీ డబ్బాలే పెట్టుకో, నేనడ్డు చెప్పను. గుడికి మాత్రం, రాగీ ఇనుమూ చేతిలో ఉండగా, ఇదే.

అబ్బాయి: సరే, మరి కరెంటు తగ్గినప్పుడు? సాయంత్రం పంపుసెట్లు ఆడుతుంటే 190 కూడా చూస్తాం. నీ 18 కాస్తా 15 దగ్గర పడుతుంది. డీసీ 20.

బాబాయి: వాట్లెన్ని?

అబ్బాయి: ముప్పై ఆరు.

బాబాయి: గుడి ముందు వీధికి చాలు. చాలదంటావా, పదిహేను చుట్లు తీసేయకుండా ఏడే తియ్యి. 53 దగ్గర ఆపు, 45 దగ్గర ఓ లీడు బయటికి లాగు. ఒక్క చుట్టులోనే 18, 21 రెండూ వస్తాయి. రేపెప్పుడైనా 8 ఓమ్స్ స్పీకర్లు తెచ్చుకుంటే 21కి మార్చుకోవచ్చు. ఇంకో మాట, ఇది ఐసీ కాబట్టి ఓల్టేజి మార్చినా లోపల సర్దుకుంటుంది. మన పాత 3055 బోర్డయితే డ్రైవరు దగ్గర రెసిస్టర్లు కూడా మార్చి బయాస్ మళ్ళీ పెట్టుకోవాల్సి వచ్చేది.

అబ్బాయి: స్విచ్చి ముందువైపు పెడితే పందిట్లోవాళ్ళు ఎప్పుడూ 21లోనే ఉంచుతారు. 4 ఓమ్స్‌తో మళ్ళీ అదే వేడి.

బాబాయి: అయితే స్విచ్చే వద్దు. రెండు లీడ్లూ లోపలే కనెక్టరు పట్టీకి తెచ్చి పెట్టు, స్క్రూ డ్రైవరు ఉన్నవాడే మార్చాలి. పక్కన పెయింటుతో రాయి, 4 ఓమ్స్‌కి 18, 8 ఓమ్స్‌కి 21 అని. మొదటిసారి కరెంటిచ్చేటప్పుడు ఐసీ బోర్డు కలపకు. ప్రైమరీకి వరసలో 60 వాట్ల ఫిలమెంట్ బల్బు వెయ్యి. బల్బు క్షణం మెరిసి ఆరిపోతే మంచిది, వెలుగుతూ ఉంటే ఎక్కడో షార్టుంది. రెండు వైపులా ఓల్టులు సమానంగా ఉన్నాయో లేదో చూసుకుని, బల్బు తీసి, అప్పుడు బోర్డు కలుపు. ముందు ఆ 35 ఓల్టుల కండెన్సర్లు పీకు.